“ఏం లేదులే”: ఒక 11 నిమిషాల షార్ట్ ఫిల్మ్ కోసం ప్రేక్షకులను ఎలా అడిగాం

రఫ్ కట్ (ఇంకా మార్పులు చేయాల్సిన తొలి ఎడిట్) చూసిన ఎనిమిది మందికి తలా ఒక కాగితం ఇచ్చాం. మొదటి ప్రశ్న “కథ ఎంతవరకు అర్థమైంది?” పక్కన 1 నుంచి 5 వరకు అంకెలు. ఏడుగురు 5 చుట్టూ సున్నా చుట్టారు, ఒకరు 4 చుట్టూ. ఆ కాగితాలు చూసి మా ఎడిటర్, నేను హమ్మయ్య అనుకున్నాం. తర్వాత అదే మనుషుల్ని ఒక్కొక్కరినే పక్క గదిలో కూర్చోబెట్టి, “ఈ సినిమా చూడని మీ ఫ్రెండ్‌కి చెప్తున్నట్టు కథ మొత్తం చెప్పండి” అని అడిగాం. ఐదుగురు చెప్పిన కథ మేం తీసిన కథ కాదు.

అర్థమైందని వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లకు ఒక కథ పూర్తిగా అర్థమైంది. అది మాది కాదు, అంతే. మేం వేసిన ప్రశ్నకు ఈ తేడాను పట్టుకునే శక్తి లేదు. షార్ట్ ఫిల్మ్ కోసం ప్రేక్షకుల దగ్గరికి వెళ్లేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే అని ఈ సినిమా తర్వాత నాకు గట్టిగా అనిపిస్తోంది: అభిప్రాయం అడుగుతున్నామా, జరిగింది అడుగుతున్నామా? స్క్రిప్ట్ దశ నుంచి విడుదల దాకా మేం చేసిన ప్రతి తప్పూ, మాకు కలిసొచ్చిన ప్రతి పనీ ఈ ప్రశ్న దగ్గరే తేలాయి. అందుకే మొత్తం రాస్తున్నాను.

సినిమా సంగతి

68 ఏళ్ల తండ్రికి కొడుకు వినికిడి మిషన్ కొనిస్తాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆయనకు ఫ్యాన్ చప్పుడు, చెప్పుల చప్పుడు, కాగితం మడిచిన చప్పుడు వినపడతాయి. మూడో రోజు పక్క గదిలోంచి కొడుకు గొంతు కూడా వినపడుతుంది. “ఆయనకి వినపడదులే, నువ్వు చెప్పు” అని భార్యతో అంటాడు. మిషన్ ఉందన్న సంగతి ఏళ్ల నాటి అలవాటు ముందు గుర్తురాదు. ఆ తర్వాత వాళ్లిద్దరూ తన గురించి మాట్లాడుకున్నదంతా తండ్రి వింటాడు. చివర్లో మిషన్ తీసి డబ్బాలో పెట్టేస్తాడు. వినలేక కాదు, వినడం ఇష్టంలేక.

టీమ్‌లో మేం నలుగురం: డైరెక్షన్ నేను, కెమెరా ఒకరు, ఎడిటింగ్ ఒకరు, సౌండ్ ఒకరు. రీసెర్చ్‌కంటూ వేరే మనిషి లేరు. కాబట్టి ఇక్కడ రాసినవన్నీ నలుగురు మనుషులు, ఒక ఫోను, కొన్ని కాగితాలతో అయ్యే పనులే.

స్క్రిప్ట్‌కి ముందు అందుబాటులో ఉన్న సమాచారం చదివాం. దాని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ప్రపంచంలో 43 కోట్ల మందికి పైగా వినికిడి సమస్యకు సహాయం అవసరమని, 60 దాటినవాళ్లలో నాలుగో వంతు కంటే ఎక్కువమందికి రోజువారీ జీవితానికి అడ్డొచ్చేంత లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సమస్య ఎంత పెద్దదో ఈ అంకెల వల్ల తెలిసింది. ఒక ఇంట్లో ఒక సాయంత్రం అది ఎలా ఉంటుందో మాత్రం తెలియలేదు. అది మనుషుల్ని అడిగి తెలుసుకోవాల్సిందే. ప్రైమరీ రీసెర్చ్ అంటే మాకు ఆ పనే.

మొదటి ఫారం ఎందుకు పనికిరాలేదు

ఆన్‌లైన్ ఫారం ఒకటి చేసి మా నలుగురి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాం. 14 ప్రశ్నలు. రెండు రోజుల్లో 70 దాటి జవాబులు వచ్చాయి. ఆ స్పందన చూసి చాలా సంతోషించాం, చదవడం మొదలుపెట్టాక అర్థమైంది. దాదాపు అందరూ మా వయసువాళ్లు, మా లాంటి ఉద్యోగాలు చేసేవాళ్లు, మాలాగే సినిమా పిచ్చి ఉన్నవాళ్లు. మా గ్రూపుల్లో అడిగితే మావాళ్లే జవాబిస్తారు. డబ్బై మంది చెప్పారన్న మాట వినడానికి బాగుంటుంది గానీ, ఆ డబ్బై మందీ ఒకే మనిషికి నకళ్లలా ఉంటే ఆ అంకెకు బలం లేదు.

ప్రశ్నల్లో తప్పు ఇంకా పెద్దది. ఉదాహరణకు ఒకటి: “మీ ఇంట్లో పెద్దవాళ్ల వినికిడి సమస్యను మీరు ఓపికగా అర్థం చేసుకుంటారా?” దీనికి కాదని ఎవరు రాస్తారు? ప్రశ్నలోనే మంచి జవాబు ఏదో చెప్పేశాం. పైగా ఒకే వాక్యంలో ఓపిక, అర్థం చేసుకోవడం అని రెండు విషయాలు ఇరికించాం. అర్థం చేసుకుంటూనే విసుక్కునేవాళ్లు ఏం రాయాలి? మరొకటి: “ఇలాంటి కథతో షార్ట్ ఫిల్మ్ వస్తే చూస్తారా?” అందరూ చూస్తామన్నారు. రేపు ఏం చేస్తారని అడిగితే మనుషులు తమ మంచితనాన్ని చెప్తారు. నిన్న ఏం చేశారని అడిగితే జరిగింది చెప్తారు.

ఆ ఫారం మొత్తం పక్కన పెట్టి నాలుగే ప్రశ్నలతో రెండోది రాశాం. అందులో ముఖ్యమైంది ఇది: “ఈ మధ్య ఇంట్లో పెద్దవాళ్లకు ఒకే మాటను మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చిన సందర్భం ఒకటి గుర్తు తెచ్చుకోండి. మూడోసారి సరిగ్గా ఏ మాటల్లో చెప్పారో అలాగే రాయండి.” టిక్ పెట్టే గడులు లేవు, ఖాళీ జాగా మాత్రమే. ఈసారి గ్రూపుల్లో వేయలేదు. ఇంట్లో 60 దాటిన తల్లిదండ్రులో, అత్తమామలో ఉన్నవాళ్లను వెతికి, మాకు తెలిసినవాళ్ల ద్వారా వాళ్లకు తెలిసినవాళ్లకు పంపాం. జవాబులు తక్కువే వచ్చాయి, 40 దాకా. కానీ ఒక్కో జవాబూ ఒక్కో సీన్‌లా ఉంది.

కొందరు అదే మాట ఇంకా గట్టిగా అన్నారట. కొందరు మాట మార్చి చిన్నది చేశారు. మిగతావాళ్లు రాసినవి చదువుతుంటే ఒకే మాట కళ్ల ముందు తిరగడం మొదలైంది. “ఏం లేదులే.” “ఏం లేదులే నాన్నా.” “ఏం లేదులే, వదిలెయ్.” “ఏం లేదులే అమ్మా, తర్వాత చెప్తా.” పెన్సిల్‌తో గీతలు పెడుతూ లెక్కపెట్టాను. 19 వచ్చాయి. ఎవరికి వాళ్లు రాసినవి, ఒకరిది ఒకరు చూసినవి కావు.

మా స్క్రిప్ట్‌లో ఆ మాట ఒక్కచోట కూడా లేదు. కొడుకు విసుగు చూపించడానికి నేను నాలుగు పెద్ద డైలాగులు రాసుకున్నాను. అవన్నీ కొట్టేశాను. మొదటి సీన్‌లో తండ్రి మూడోసారి “ఏంట్రా?” అన్నప్పుడు కొడుకు ఇప్పుడు అనేది ఈ రెండు మాటలే.

ఎదురెదురుగా కూర్చుని

తర్వాత ఇంటర్వ్యూలు. మిషన్ వాడుతున్నవాళ్లు నలుగురు, వాళ్ల ఇళ్లలోవాళ్లు ముగ్గురు, మొత్తం ఏడుగురు. మొదటి ఇంటర్వ్యూ ఫోన్‌లో చేయబోయి చెడగొట్టాను. వినికిడి సమస్య ఉన్న మనిషికి ఫోన్ చేసి ప్రశ్నలు అడగడం ఎంత ఆలోచన లేని పనో ఆయన నాలుగోసారి “ఆఁ? మళ్లీ చెప్పండి” అన్నప్పుడు తెలిసింది. ఆయనకు క్షమాపణ చెప్పి మర్నాడు వెళ్లి కలిశాను.

వెళ్లాక నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. మన మొహం మీద వెలుతురు పడేలా కూర్చోవాలి, ఎందుకంటే వాళ్లు పెదాలు కూడా చూస్తారు. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మన మొహం నీడలా కనపడుతుంది. ఫ్యాన్, టీవీ ఆపమని అడగాలి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకూడదు. మేం ఇద్దరం వెళ్లినా ఒక్కరే మాట్లాడాలి. ప్రశ్నలు పెద్ద అక్షరాల్లో రాసుకెళ్లి ముందే ఇస్తే సగం టెన్షన్ తగ్గుతుంది, వాళ్లకూ మనకూ. ఏ ప్రేక్షకుల గురించి తెలుసుకోవాలనుకుంటున్నామో, అడిగే పద్ధతి వాళ్లకు తగ్గట్టు ఉండాలి. పిల్లల సినిమాకైనా, రాత్రి డ్యూటీ చేసేవాళ్ల సినిమాకైనా ఇది మారదు.

రికార్డింగ్‌కు ముందు అనుమతి తీసుకున్నాం. ఆడియో టీమ్ బయట ఎవరికీ వినిపించమని, సినిమా అయ్యాక తీసేస్తామని కాగితం మీద రాసిచ్చాం. చెప్పినట్టే తీసేశాం. ఇంట్లో కొడుకూ కోడలూ ఉండగా ఒక పెద్దాయన మనసు విప్పి మాట్లాడలేరు కాబట్టి పెద్దవాళ్లను, ఇంట్లోవాళ్లను వేర్వేరుగా కలిశాం. ఒకరు చెప్పింది రెండోవారి దగ్గర నోరుజారి కూడా అనకూడదని మాలో మేం గట్టిగా అనుకున్నాం.

ఒక రిటైర్డ్ టీచర్ గారు చెప్పిన మాట నా నోట్‌బుక్ మొదటి పేజీలో ఉంది. “వాళ్లు అరిస్తే నాకు కోపం వినపడుతుంది బాబూ, మాట వినపడదు.” దీని వెనక నిజమైన కారణం ఉంది. వయసుతో వచ్చే లోపంలో సాధారణంగా ముందు పోయేవి హై ఫ్రీక్వెన్సీ శబ్దాలు, అంటే సన్నగా, పదునుగా ఉండేవి. స, శ, ష, ఫ, చ లాంటివి ఆ వైపు ఉంటాయి. అచ్చులు కింద ఉంటాయి, పైగా గట్టిగా ఉంటాయి. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. అరిచినప్పుడు అచ్చులే ఇంకా పెద్దవవుతాయి. అప్పటిదాకా మా సౌండ్ డిజైన్‌లో తండ్రి వినేదంటే మొత్తం వాల్యూమ్ తగ్గించడమే. ఆ ఇంటర్వ్యూ తర్వాత వాల్యూమ్ దాదాపు అలాగే ఉంచి, పై ఫ్రీక్వెన్సీలు కోసేశాం. గొంతు ఉంటుంది, అక్షరాలు ఉండవు.

ఆయన భార్య విడిగా ఇంకో మాట చెప్పారు: “ఆయన వెంటనే తలూపారంటే వినపడలేదన్నమాట. వినపడితే ఏదో ఒకటి ఎదురు అడుగుతారు.” ఇది ఏ ఫారంలో వస్తుంది? మా నటుడికి ఈ ఒక్క వాక్యం చెప్పాను. ఆయన నటన మొత్తం ఆ తలూపడం చుట్టూ కట్టుకున్నారు.

మిషన్ పెట్టుకున్న మొదటి రోజుల గురించి నలుగురూ దాదాపు ఒకే రకంగా చెప్పారు. ప్రతి చప్పుడూ మీద పడుతుంది, సొంత గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంటుంది, మనవణ్ని దగ్గరికి తీసుకుంటే మిషన్ కుయ్‌మంటుంది. ఆ కుయ్ అనే చప్పుడు సినిమాలో పెట్టాం. బ్యాటరీ అయిపోతుంటే చెవిలో చిన్న బీప్ వస్తుందని చెప్పారు. అదీ పెట్టాం. ఈ బీప్ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఇంకొకటి. స్క్రిప్ట్‌లో అందరూ “చెవిటి మిషన్” అంటారు. బయట జనం వాడే మాట అదే, అందుకే రాశాను. వాడేవాళ్లు నలుగురిలో ఒక్కరు కూడా అలా అనలేదు. “మిషన్” అన్నారు, అంతే. ఒకావిడ నా కాగితం మీద ఆ మాట చూసి, “ముందున్నది తీసేస్తే సరిపోతుంది కదా” అన్నారు, నెమ్మదిగానే. సినిమాలో ఇప్పుడు తండ్రి ఎప్పుడూ “మిషన్” అంటాడు. కొడుకు మొదట్లో ముందు మాటతో సహా అంటాడు. కావాలని అలా ఉంచాం.

ఫోకస్ గ్రూప్

ఫోకస్ గ్రూప్ అంటే కొందరిని ఒకచోట కూర్చోబెట్టి ఒక విషయం మీద మాట్లాడించడం. ఆరుగురితో ఒక్కటే చేశాం, మాకు అన్నిటికన్నా తక్కువ ఉపయోగపడింది ఇదే. కథ చదివి వినిపించి మాట్లాడమన్నాం. ఒకాయన మొదటి నిమిషంలోనే “కొడుకు చివర్లో సారీ చెప్పాలి” అన్నారు. అక్కడి నుంచి మిగతా ఐదుగురూ ఆ సారీ ఎక్కడ, ఎలా చెప్పాలన్న దాని మీదే మాట్లాడారు. గ్రూప్‌లో మొదట గట్టిగా పలికిన గొంతు మిగతావాళ్ల ఆలోచనకు గట్టు కట్టేస్తుంది.

తప్పు పద్ధతిది కాదు, మాది. ఫోకస్ గ్రూప్ అనేది 1940ల మొదట్లో రేడియో కార్యక్రమాల మీద పరిశోధనలోంచి పెరిగింది. సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ దగ్గర శ్రోతలు కార్యక్రమం వింటూ నచ్చితే ఆకుపచ్చ బటన్, నచ్చకపోతే ఎరుపు బటన్ నొక్కేవారు. తర్వాత వాళ్లను ఎందుకని అడిగేవారు. మరో సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఆ అడిగే పద్ధతిని పదునుపెట్టారు. అంటే ముందు ఎవరి స్పందన వాళ్లది విడిగా నమోదవుతుంది, ఆ తర్వాతే మాట. మేం ముందు భాగం వదిలేసి నేరుగా మాటల్లోకి దిగాం. ఇప్పుడైతే మొదటి ఐదు నిమిషాలు ఎవరూ నోరు విప్పకుండా కాగితం మీద రాయమంటాను, రాసింది చదివాకే చర్చ మొదలుపెడతాను.

సారీ సీన్ మేం పెట్టలేదు. ప్రేక్షకులు ఎక్కడ ఇబ్బంది పడ్డారో చెప్తే ఆ మాటను పూర్తిగా నమ్మాం. దానికి మందు ఏమిటో చెప్తే మర్యాదగా రాసుకుని పక్కన పెట్టాం. ఇందులో పొగరు లేదు. సారీ కావాలన్న కోరిక వెనక ఉన్నది ఆ ముగింపు ఒంటరిగా ఉందన్న బాధ. ఆ బాధే మాకు కావాల్సింది.

రఫ్ కట్

ఈ భాగమే అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది. ఎనిమిది మందీ మా స్నేహితులు కారు, స్నేహితుల స్నేహితులు. చూపించింది మేం కాదు, టీమ్‌కు సంబంధం లేని ఒకరిని బతిమాలి పెట్టుకున్నాం. సినిమా తీసినవాడు ఎదురుగా ఉంటే ఎవరూ నిజం చెప్పరు. మొహమాటం అడ్డమొస్తుంది. నేను, ఎడిటర్ ఒక పక్కగా కూర్చుని నోట్స్ రాశాం. అలా రాస్తామని వాళ్లకు ముందే చెప్పాం. ఎవరి మొహాన్నీ వీడియో తీయలేదు.

చూసేవాళ్ల వెనక కూర్చుంటే తలలే కనపడతాయి. కాస్త ముందుగా, పక్కకు కూర్చోవాలి. మనం స్క్రీన్ చూడకూడదు, మనుషుల్ని చూడాలి. 11 నిమిషాలను 15 సెకన్ల చొప్పున 44 గడులుగా గీసుకుని ప్రింట్ తీసుకున్నాం. చూపు పక్కకు పోతే ఒక గుర్తు, కూర్చున్న తీరు మారితే ఒకటి, నవ్వితే ఒకటి, పక్కవాళ్ల వైపు తిరిగితే ఒకటి. ఇద్దరం విడివిడిగా రాసి తర్వాత పోల్చుకున్నాం. ఇద్దరి కాగితాల మీదా ఒకే గడిలో గుర్తు ఉంటేనే లెక్కలోకి తీసుకున్నాం.

ఎనిమిది మందిలో నలుగురు ఒక గదిలో కలిసి పెద్ద స్క్రీన్ మీద చూశారు. నలుగురు ఒక్కొక్కరే ఫోన్‌లో ఇయర్‌ఫోన్స్‌తో చూశారు, ఎందుకంటే ఈ సినిమా ఎక్కువమంది చూడబోయేది అలాగే. ఈ రెండో గుంపు దగ్గర, మూడో గడిలో, నేను ఊహించనిది జరిగింది. తండ్రి చెవుల్లోంచి వినే మొదటి షాట్ అది. శబ్దం మందంగా మారుతుంది. మొదటి అమ్మాయి బొటనవేలు ఫోన్ పక్కకు వెళ్లి వాల్యూమ్ బటన్ రెండుసార్లు నొక్కింది. రెండో అతను ఇయర్‌ఫోన్ పిన్ తీసి మళ్లీ పెట్టాడు. మూడో ఆయన వాల్యూమ్ పూర్తిగా పెంచేశారు. తర్వాతి షాట్ మామూలు శబ్దంతో రాగానే ఉలిక్కిపడి ఇయర్‌ఫోన్స్ లాగేశారు.

మేం ఎంతో ఇష్టపడి చేసిన సౌండ్ వాళ్లకు ఫోన్ పాడైనట్టు వినపడింది. తర్వాత కాగితాల మీద ఎవరూ దీని గురించి రాయలేదు. “సౌండ్ ఎలా ఉంది?” అన్న దగ్గర ముగ్గురూ “బాగుంది” అనే రాశారు. తప్పు తమ ఫోన్‌దే అనుకున్నారు కాబట్టి మాకు చెప్పాల్సిన విషయంలా తోచలేదు. ఆ బొటనవేలు చూడకపోయి ఉంటే సినిమా అలాగే విడుదల చేసేవాళ్లం.

ఇక మొదట్లో చెప్పిన ముగింపు సంగతి. కథ తప్పుగా చెప్పిన ఐదుగురిలో ముగ్గురు “బ్యాటరీ అయిపోయింది, తీసేశాడు” అన్నారు. ఇద్దరు “పడుకునే టైమ్ అయింది, తీసి పెట్టుకున్నాడు” అన్నారు. వాళ్ల మాట వింటుంటే, నిజమే కదా, ఇంకేం అనుకుంటారు అనిపించింది. తీసేసే సీన్ మంచం మీద, రాత్రి పూట ఉంది. అందరూ పడుకునే ముందు కళ్లద్దాలు తీసినట్టే ఇదీ. దానికి కొద్ది ముందు బీప్ చప్పుడు ఉంది. ఇంటర్వ్యూల్లో దొరికిన నిజమైన వివరమని మురిసిపోయి పెట్టిన ఆ బీపే సినిమాను తప్పుదారి పట్టించింది.

అందులో ఒక మెలిక కూడా ఉంది. ఆ ఎనిమిది మందిలో ఒకరు మిషన్ వాడే ఆయన. ఆయన కథ సరిగ్గా చెప్పారు. బ్యాటరీ అయిపోయిందేమో అనిపించలేదా అని అడిగితే, “బ్యాటరీ అయిపోతే బ్యాటరీ మారుస్తాం గానీ మిషన్ డబ్బాలో ఎందుకు పెడతాం?” అన్నారు. ఒకే వివరం, తెలిసినవాళ్లకు ఒక అర్థం, తెలియనివాళ్లకు పూర్తిగా ఇంకో అర్థం. మా ప్రేక్షకులు ఒక గుంపు కాదు, రెండు గుంపులు. ఎవరి కోసం తీస్తున్నామన్న ప్రశ్నను మేం సరిగ్గా వేసుకున్నది ఆ రోజే. మిషన్ పెట్టుకునే పెద్దవాళ్లు చూసి ఇది నిజమే అనాలి, కానీ సినిమా మాట్లాడుతున్నది వాళ్ల కొడుకులతో, కూతుళ్లతో. పెద్దవాళ్ల దగ్గర వివరం తీసుకోవాలి, అర్థమైందో లేదో పిల్లల దగ్గర చూసుకోవాలి.

మార్పులు

వాల్యూమ్ సమస్యకు సౌండ్ చూసేవాడు మంచి ఉపాయం చెప్పాడు. షాట్‌లో కుళాయిలోంచి నీళ్లు పడుతూ ఉంటాయి. ముందు నీటి చప్పుడు స్పష్టంగా వినపడుతుంది. కెమెరా కదలకుండా తండ్రి మొహం మీదకు ఫోకస్ మారుతుంది, అదే క్షణంలో నీటి చప్పుడులోని చురుకుదనం పోయి మందమవుతుంది. నీళ్లు ఇంకా పడుతూనే కనపడతాయి. కన్ను చూసేది మారకుండా చెవి వినేది మారితే, ఇది ఫోన్ తప్పు కాదు, ఈయన చెవి అని వెంటనే తెలుస్తుంది. మామూలు శబ్దానికి తిరిగొచ్చేటప్పుడు కూడా ఒక్కసారిగా కాకుండా రెండు సెకన్లలో పెంచాం.

ముగింపు మళ్లీ తీయాల్సి వచ్చింది. మంచం పోయింది, రాత్రి పోయింది. మధ్యాహ్నం వెలుతురులో తండ్రి ముందు గదిలో పేపర్ పట్టుకుని కూర్చుని ఉంటాడు. కొడుకు గుమ్మం దగ్గర నిలబడి, ఫోన్ చూసుకుంటూనే, “ఏమైంది నాన్నా, అలా ఉన్నావు?” అంటాడు. తండ్రి ఒక క్షణం చూస్తాడు. “ఏం లేదులే” అంటాడు. తర్వాత మిషన్ తీసి డబ్బాలో పెట్టి మూత వేస్తాడు. ఇక్కడ బీప్ లేదు. బీప్‌ను సినిమా మొదటి సగానికి మార్చి, ఆయన అక్కడే బ్యాటరీ మార్చుకున్నట్టు చూపించాం.

ఫారం నింపిన ఆ 19 మంది రాసిన మాట మొదటి సీన్‌లో కొడుకు నోట, చివరి సీన్‌లో తండ్రి నోట వస్తుంది. ఈ ముగింపు నాకు ముందు తట్టలేదు. బ్యాటరీ అనుకున్న ముగ్గురూ, నిద్ర అనుకున్న ఇద్దరూ లేకపోతే అసలు వెతికేవాణ్నే కాదు.

రెండో కట్‌ను పూర్తిగా కొత్తవాళ్లకు, తొమ్మిది మందికి చూపించాం. మొదటివాళ్లనే పిలవడం తేలిక, కానీ వాళ్లకు కథ తెలుసు. తెలిసిన మనిషికి అర్థమైందో లేదో పరీక్షించలేం. ఈసారి అంకెల ప్రశ్నలు తీసేశాం. 1 నుంచి 5 దాకా కొలిచే పద్ధతి 1932లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రెన్సిస్ లికర్ట్ వైఖరులను కొలవడానికి తెచ్చినది. ఎక్కువమంది వైఖరి ఎటు మొగ్గుతోందో చూడటానికి అది మంచి సాధనం. తొమ్మిది మందిలో సగటు తీస్తే ఏమీ తేలదు. అందుకే కథ చెప్పమన్నాం, అంతే. ఎనిమిది మంది “కావాలనే తీసేశాడు” అన్నారు. ఒకరు ఇంకా పడుకోబోతున్నాడనే అనుకున్నారు. అక్కడితో ఆపేశాం. ఆ తొమ్మిదో మనిషి కోసం తండ్రి చేత కారణం చెప్పిస్తే మిగతా ఎనిమిది మంది దగ్గర సినిమా పోతుంది.

ఫోన్‌లో చూసినవాళ్ల బొటనవేళ్లు ఈసారి కదల్లేదు.

క్యాప్షన్లు

వినికిడి మీద సినిమా తీసి, వినికిడి తక్కువున్నవాళ్లు చూడలేకుండా వదలకూడదని ఇంటర్వ్యూల సమయంలోనే అనుకున్నాం. డైలాగులతో పాటు “తలుపు చప్పుడు”, “నీటి చప్పుడు మందగిస్తుంది” లాంటివి కూడా రాశాం. చిక్కు ఎక్కడొచ్చిందంటే, తండ్రికి వినపడని డైలాగును క్యాప్షన్‌లో ఏం రాయాలి? పూర్తిగా రాస్తే క్యాప్షన్ చదివేవాళ్లకు తండ్రికి తెలియనిది తెలిసిపోతుంది. అసలు రాయకపోతే ఎవరూ మాట్లాడలేదనుకుంటారు.

రెండు రకాలుగా రాసి, ఇంటర్వ్యూ ఇచ్చిన టీచర్ గారికి, మరొకరికి చూపించాం. ఒకదానిలో “అస్పష్టంగా మాటలు” అని రాశాం. రెండోదానిలో ఆయనకు వినపడని అక్షరాల చోట గీతలు పెట్టాం: “రేపు స్కూల్ ఫీజు కట్టాలి” అన్నది “రేపు _ూల్ _ీజు కట్టాలి” అని వస్తుంది. ఇద్దరూ రెండోది చూడగానే ఆగిపోయారు. టీచర్ గారు స్క్రీన్ మీద వేలు పెట్టి, పక్కనున్న కొడుకుతో, “ఇదిగో, ఇలా ఉంటుంది” అన్నారు. ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

విడుదల తర్వాత

నిడివి గురించి ఒక మాట. ఆస్కార్ నిబంధనల ప్రకారం క్రెడిట్స్‌తో కలిపి 40 నిమిషాల లోపుంటే షార్ట్ ఫిల్మే. కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో షార్ట్ ఫిల్మ్ పోటీకి 15 నిమిషాలు దాటకూడదు. ఈ రెండిటికీ మాకు ఇబ్బంది లేదు, కానీ 11 నిమిషాలు అన్నది పరీక్షల్లోంచి వచ్చిన నిడివి. మొదటి కట్ 13 నిమిషాలు పైనే ఉండేది. మేం లోపలే కోసుకుని 11కి తెచ్చాం. తర్వాత చూపించిన ప్రతిచోటా ఏడో నిమిషం దగ్గర ఇద్దరి కాగితాల మీదా కదలికల గుర్తులు వరుసగా ఉండేవి. అక్కడున్న ఒక ఫోన్ సంభాషణ తీసేసి, ఆ జాగా కొత్త ముగింపుకు ఇచ్చాం.

యూట్యూబ్‌లో పెట్టాక ఆడియన్స్ రిటెన్షన్ గ్రాఫ్ చూశాం, అంటే వీడియోలో ఏ క్షణంలో ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే గీత. అదీ ప్రైమరీ సమాచారమే, పైగా ఎవరూ మొహమాటపడని సమాచారం. గీత కిందికి జారితే జనం వెళ్లిపోతున్నారు లేదా దాటేస్తున్నారు. పైకి లేస్తే ఆ చోట మళ్లీ చూస్తున్నారు. మొదటి 20 సెకన్లలోనే బాగా పడింది. అక్కడ మా లోగో, టైటిల్ కార్డులు ఉన్నాయి. పరీక్షా ప్రదర్శనల్లో అవి లేవు, నేరుగా కథతో మొదలుపెట్టేవాళ్లం. పరీక్షించనిది అదొక్కటే, దెబ్బ తిన్నది కూడా అక్కడే. ఎక్కించిన వీడియోను యూట్యూబ్‌లో మార్చి ఇంకోటి పెట్టలేం, కానీ ఎడిటర్‌లో ట్రిమ్ చేయొచ్చు. ఆ 20 సెకన్లు కోసేశాం. పేర్లన్నీ ఎలాగూ చివర్లో ఉన్నాయి.

గీతల క్యాప్షన్ దగ్గర గ్రాఫ్ కాస్త పైకి లేచింది. ఎందుకో గ్రాఫ్ చెప్పదు. చదవలేక వెనక్కి వెళ్లారో, అర్థమై మళ్లీ చూశారో తెలుసుకోవాలంటే మళ్లీ ఒక మనిషి పక్కన కూర్చోవాలి.

ఫైనల్ సినిమా టీచర్ గారికి వాళ్లింట్లో చూపించాను. అలవాటు ప్రకారం కథ చెప్పమని అడిగాను. ఆయన డబ్బా గురించీ, మిషన్ గురించీ చెప్పలేదు. “ఆ అబ్బాయి ఒక్కసారైనా ఎదురుగా వచ్చి కూర్చుని మాట్లాడి ఉంటే సరిపోయేది” అన్నారు.

ఆ రాత్రి ఎడిటర్, నేను సినిమా మళ్లీ మొదటి నుంచి చూశాం. మొదటి సీన్‌లో కొడుకు చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ మాట్లాడతాడు. తర్వాత ఇంకో గదిలోంచి, తర్వాత మెట్లు దిగుతూ, చివర్లో గుమ్మం దగ్గర ఫోన్ చూసుకుంటూ. 11 నిమిషాల్లో ఒక్క షాట్‌లో కూడా తండ్రికి ఎదురుగా కూర్చోడు. అది మేం అనుకుని తీసింది కాదు, మా నలుగురిలో ఎవరూ గమనించనూ లేదు.